మేనకోడలి స్కూటీ మీద గండికోటకు

పూణేలో రైలెక్కితే గుత్తి, తాడిపత్రి దాటాక ఎర్రగుంట్ల వస్తుంది. అక్కడి నుంచి బస్సులో మా అక్క వాళ్లుండే ప్రొద్దుటూరు. ఈసారి బస్సుతో పని పడలేదు. స్టేషన్ బయట మేనకోడలు స్కూటీ పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎట్లుండావు మామా? బ్యాగు ముందర పెట్టు."

పాలపళ్లు ఊడటం, సైకిల్ నేర్చుకోవడం, పదో తరగతి మార్కులు, అన్నీ నాకు ఫోన్‌లోనే అందాయి. అందులో ముఖం ఒక్కటే కదా కనబడేది! ఈ పిల్ల అచ్చం మా అమ్మలాగా కుడి భుజం కాస్త ఎత్తి నడుస్తుందని ఆ రోజే చూశాను.

మరుసటి రోజు పొద్దున్నే గండికోటకు బయలుదేరాం. దారిలో కారం దోసె. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి దట్టంగా చల్లుతారు. "మామకు కారం తగ్గించన్నా, అలవాటు తప్పింటాది" అంది బండి అతనితో. నాకు రోషమొచ్చి మామూలుదే వేయించుకున్నాను. రెండో ముక్కకే నీళ్లు అడగాల్సి వచ్చింది.

జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్లు. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గర దగ్గరే. ధాన్యాగారంలో ఎండ తెలియదు, కాసేపు కూర్చోవచ్చు. అసలు చూడాల్సింది మాత్రం వెనక ఉన్న లోయ. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోటు. సుమారు 300 అడుగుల కింద నీళ్లు, రెండు వైపులా పుస్తకాలు పేర్చినట్టు ఎర్రటి బండలు. మేం నిలబడ్డ చోట కంచె లాంటిదేమీ లేదు. నాకు ఒకటే టెన్షన్. ఆమేమో "కాలు ఈడ పెట్టు, ఆ రాయి కదుల్తాది" అంటూ నన్ను నడిపిస్తోంది.

పక్కనే ఒక కుర్రాడు అంచున నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నాడు.

"తమ్ముడూ, ముందు ఎనక్కి రా. ఫోటో నేను తీస్తా."

అరవలేదు, బతిమాలలేదు. వాడు నోరు మెదపకుండా వెనక్కొచ్చాడు. నాకు తెలిసిన గొంతు "ఆ మామా, బాగుండా" అని అమ్మకు ఫోన్ ఇచ్చేసే గొంతు. ఈ గొంతు ఎప్పుడొచ్చిందో!

తిరిగొచ్చేటప్పుడు పెట్రోల్ బంకులో పర్సు తీయనివ్వలేదు. ట్యూషన్లు చెప్పిన డబ్బులంట. "ఈసారి బెలుం గుహలకు పోదాం. రెండ్రోజులు కాదు, వారం లీవు పెట్టుకొని రా" అంది. ఆ రాత్రే మేనేజర్‌కు మెయిల్ పెట్టాను.