ట్రావెల్ ట్రెయిలర్ కమాన్లకు కొత్త బుష్షులు: నా అనుభవం

శ్రీశైలం నుంచి హైదరాబాదుకు తిరిగివస్తూ మన్ననూరులో టీ తాగడానికి ఆగినప్పుడు, మా ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) ఎడమవైపు వెనక టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయి ఉండటం చూశాను. ఘాట్ దిగుతూ బ్రేకు వేసినప్పుడల్లా కింద నుంచి టక్కుమని వినిపించిన చప్పుడును నేను అంతదాకా వంటింటి గిన్నెల మీదకు నెట్టేస్తూ వచ్చాను.

మర్నాడే బండిని వనస్థలిపురం పక్కన ఉన్న ఆటోనగర్‌కు, లారీ కమాన్లు (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) కట్టే ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మా ట్రెయిలర్‌కు రెండు ఇరుసులు ఉన్నాయి. ఒక్కొక్క వైపు రెండు కమాన్ల మధ్య ఉండే ఈక్వలైజర్, ఒక చక్రం మిట్ట ఎక్కినప్పుడు దాని మీది బరువులో కొంత రెండో కమానుకు పంచుతుంది. అక్కడి బోల్టులూ, వాటి చుట్టూ తొడిగిన గొట్టాల్లాంటి బుష్షులూ బరువు మోస్తూనే నిరంతరం కదులుతుంటాయి కాబట్టి ముందుగా అరిగేవి అవే.

ఇరుసు గొట్టం కింద జాకీ పెట్టబోయిన కుర్రవాడిని మేస్త్రీ, "అరే, గొట్టం వంగుతది, ఛాసిస్ కింద పెట్టు" అని కసిరారు. స్టాండ్ల మీద నిలిపి చక్రాలు విప్పాక, కమాను కొసను ఛాసిస్‌కు పట్టి ఉంచే వెనక హ్యాంగర్ బోల్టును దిగ్గొట్టి నా చేతిలో పెట్టారు. ఒక పక్క అది గుండ్రంగానే ఉంది, బరువు పడే పక్క మాత్రం గోరు తగులుకునేంత మెట్టు పడింది. నైలాన్ బుష్షు ఉండవలసిన చోటు నుంచి పెళుసు ముక్కలు రెండు రాలాయి. "ఇది బుష్షు కాదు సార్, అంగీ గుండీ" అన్నారాయన. బుష్షు పోవడంతో ఇనుము ఇనుమును తిని, హ్యాంగర్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. బ్రేకు వేసినప్పుడల్లా ఇరుసు ఎడమ కొస వెనక్కి జరిగి, టైరు కొంచెం వంకరగా ఈడ్చుకుపోయింది. టేపుతో కొలిస్తే ఇరుసుల మధ్య దూరం కుడివైపు కంటే ఎడమవైపు 9 మిల్లీమీటర్లు ఎక్కువగా వచ్చింది.

నైలాన్ బుష్షులే మళ్లీ వేస్తే ఒక్క పూటలో పని ముగిసేది. నేను లేతు మీద గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్షులు చేయించి, లోపల గ్రీజు దారి ఉన్న బోల్టులు, కమానును ఈక్వలైజర్‌కు కలిపే 6 మిల్లీమీటర్ల షాకిల్ పట్టీల స్థానంలో 12 మిల్లీమీటర్లవి వేయించాను. పాడైన రంధ్రానికి పట్టీ వెల్డు చేసి కొత్తగా రంధ్రం తీశారు. ఈ బోల్టుల తల కింద పళ్లు ఉంటాయి, అవి పట్టీలో కరుచుకుని బోల్టును తిరగనివ్వవు. కనుక తలను కదలనివ్వకుండా నట్టునే తిప్పాలి, అదీ షాకిల్ స్వేచ్ఛగా ఊగేంత వరకే. ఇరుసును కమానుకు కట్టి ఉంచే యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయని పాతవి పక్కన పడేసి కొత్తవి వేశారు. వంద కిలోమీటర్లు తిరిగాక వాటిని టార్క్ రెంచితో మళ్లీ సరిచూడమన్నారు. ఆ పని తుక్కుగూడ వైపు ఒక చుట్టు తిరిగి వచ్చి ముగించాను.

రెండు నెలల తరువాత ఇంటి ముందు గ్రీజు కొట్టబోతే నిపుల్ (బోల్టులోకి గ్రీజు ఎక్కించే మొన) చుట్టూ కారిందే తప్ప లోపలికి ఎక్కలేదు. ఫోన్ చేస్తే మేస్త్రీ, "చక్రాలు నేల మీదనే ఉన్నయా? బరువు దించుండ్రి సార్" అన్నారు. బరువు ఉన్నంతసేపూ బోల్టు బుష్షుకు ఒక పక్క అతుక్కునే ఉండి, గ్రీజు వెళ్లవలసిన సందు మూసుకుపోతుంది. ఛాసిస్ ఎత్తి చక్రాలు వేలాడదీశాక నాలుగు నొక్కులకే పాత నల్లటి గ్రీజు రెండు చివరల నుంచీ బయటికి వచ్చింది. 14 నిపుళ్లలో 13 ఇప్పుడు నాకు అలవాటైపోయాయి. ఎడమ ఈక్వలైజర్ నడిమి దానికి మాత్రం చక్రం విప్పితే తప్ప గ్రీజు గన్ను అందదు.