పిన్ని పచ్చళ్ళ సైటు షిఫ్టింగ్: నాలుగో వీకెండ్

పాత హోస్టింగ్ నుంచి కొత్త సర్వర్‌కి ఫైళ్ళు కాపీ చేసి డేటాబేస్ ఎక్కించడానికి పట్టింది గంటంబావు. నాలుగు వీకెండ్లు దేనికి పోయాయో రాసి పెట్టుకుంటున్నా, మళ్ళీ ఎవరి సైటైనా నెత్తిమీద పడితే నాకే పనికొస్తుంది.

వనస్థలిపురంలో మా పిన్నికి పచ్చళ్ళ షాపుంది. సైటు అమీర్‌పేటలో ఒకతను చేసిచ్చాడు, వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్). మొదటి వారం డొమైన్ (సైటు పేరు) దగ్గరే ఆగిపోయా. పిన్ని దగ్గరున్నది హోస్టింగ్ పాస్‌వర్డ్ మాత్రమే, డొమైన్ అతని పేరు మీద, అతని మెయిల్‌తో కొన్నాడు, ఓటీపీ కూడా అతనికే పోతుంది. ఫోన్ ఎత్తడు. చివరికి బాబాయ్ స్కూటరేసుకుని వెళ్ళి రెండు గంటలు ఎదురుగా కూర్చుంటే అప్పుడిచ్చాడు.

రెండో వారం తెలుగు పోయింది. కొత్త సర్వర్‌లో ఆవకాయ, మాగాయ అన్నీ నెత్తిన గీతున్న ఇంగ్లిష్ 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, ఇదే వరస పేజీ నిండా. యూటీఎఫ్-8 అంటే అన్ని భాషల అక్షరాలనీ కంప్యూటర్లో దాచే పద్ధతి, అందులో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. డేటాబేస్ టేబుళ్ళేమో లాటిన్1లో (ఒక్కో బైటునీ ఒక్కో ఇంగ్లిష్ తరహా అక్షరంగా చదివే పాత పద్ధతి) పెట్టాడు, కనెక్షన్ కూడా లాటిన్1 కాబట్టి పాత చోట ఎలా లోపలికెళ్ళిన బైట్లు అలాగే బయటికొచ్చేవి, ఎవరికీ తెలియలేదు. కొత్త కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేస్‌లో యూటీఎఫ్-8కి ఉన్న పేరు), అక్కడ బండారం బయటపడింది. డేటాబేస్‌ని డంప్ తీసేటప్పుడు, అంటే ఒక ఫైలుగా దించేటప్పుడు, డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి, స్కిప్ సెట్ చార్‌సెట్ కూడా పెట్టి, ఆ ఫైల్లో టేబుళ్ళ దగ్గర లాటిన్1 ఉన్నచోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 చేసి ఎక్కిస్తే అక్షరాలు తిరిగొచ్చాయి. 'మా గురించి' పేజీ మాత్రం రాలేదు. అది అను ఫాంటులో (ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగే డీటీపీ ఫాంటు) ఉంది, పాంప్లెట్ ఫైల్లోంచి ఎత్తి అతికించినట్టున్నాడు, దాన్ని మళ్ళీ కూర్చుని టైప్ చేశా.

మూడో వారం ఫొటోలు. ముందు అన్నీ బాగానే కనిపించాయి, హమ్మయ్య అనుకున్నా. పాత హోస్టింగ్ ఆపగానే ఒక్కటీ లేదు! ప్రతి ఫొటోకీ పాత సర్వర్ టెంపరరీ అడ్రసు పూర్తిగా రాసేశాడు, అంటే అప్పటిదాకా అవి అక్కడినుంచే వస్తున్నాయన్నమాట. తొందరపడి డేటాబేస్ దించిన ఎస్‌క్యూఎల్ ఫైల్లో ఫైండ్ రీప్లేస్ కొట్టా, హోమ్‌పేజీ స్లైడర్ పోయింది. థీమ్ సెట్టింగ్స్ సీరియలైజ్ చేసి ఉంటాయి, ప్రతి మాట పక్కనా దాని పొడవు అంకెలో ఉంటుంది, అడ్రసు మార్చి అంకె మార్చకపోతే మొత్తం చెత్తకిందే లెక్క. బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయా. డబ్ల్యూపీ సీఎల్ఐలో (వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే టూల్) సెర్చ్ రీప్లేస్ ఆ అంకెల్ని కూడా సరిచేస్తుంది, ముందు డ్రై రన్ (ఏదీ మార్చని ట్రయల్) పెట్టి ఎన్నిచోట్ల మారుతుందో చూసుకోవాలి.

తర్వాతది మాత్రం పూర్తిగా నా తప్పే, అతన్ననడానికి లేదు. డొమైన్‌కి నేమ్ సర్వర్లు (ఆ పేరు తాలూకు రికార్డులన్నీ ఉండే చోటు) మార్చా, పాత ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పేవి) కొత్తచోట ఎక్కించడం మర్చిపోయా. సైటు బ్రహ్మాండంగా ఉంది, మెయిల్ మాత్రం లేదు. అమెరికాలో పిల్లలున్న వాళ్ళు ఆర్డర్లు పెట్టేది మెయిల్లోనే. రెండో రోజు పిన్ని ఫోన్: "ఏరా, ఆవకాయ సీజన్లో ఒక్క ఆర్డరూ రాలేదేంటి?" ఒకటే టెన్షన్. మెయిల్ ఉన్నది వేరేచోట, సైటు ఏ సర్వర్లో ఉందో చెప్పే 'A' రికార్డు ఒక్కటీ మార్చుంటే దాని జోలికే వెళ్ళక్కర్లేదు. ఇకనుంచి ఇలాంటి డొమైన్ రికార్డులన్నీ (డీఎన్ఎస్ అంటారు) ముందే స్క్రీన్‌షాట్ తీసుకుంటా, టీటీఎల్ (పాత రికార్డుని మిగతా సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) కూడా ఒకరోజు ముందే 86400 నుంచి 300కి దించుతా.

ఈ వారం చిన్నాచితకా. గూగుల్‌ని రావద్దనే టిక్ టెస్టింగప్పుడు నేనే పెట్టా, అది తీసేశా. పాత లింకులకి 301లు (కొత్త లింకుకి మళ్ళించేవి) పెట్టా, ఒక పదకొండు. ఫొటోలు ఒక్కోటీ 4, 5 ఎంబీ ఉంటే అన్నీ 200 కేబీ లోపుకి తెచ్చా.

పిన్ని చూసి, గోంగూర ఫొటో పాతదే నిగనిగలాడుతోంది, అదే పెట్టమంది. అది 6 ఎంబీ.