ముసురు పట్టిన రోజు, కాగితం పని

తెల్లారేసరికే ముసురు. ఇలాంటి రోజున కాగితం పని పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు, కాకపోతే ఏ పని అన్నది చూసుకోవాలి. గాలిలో తేమ ఉన్నప్పుడు పాత న్యూస్‌పేపరు కాస్త మెత్తబడుతుంది, వంచితే పెళుసుగా చిట్లదు. కాబట్టి బుట్ట అల్లే కాగితం గొట్టాలు చుట్టడానికి ఇంతకన్నా మంచి వాతావరణం దొరకదు. జిగురు పనికి మాత్రం ఇదే గాలి అడ్డం. అతికించింది సాయంత్రానికి కూడా ఆరదు, ఆరిందనుకుని ఎత్తితే వంకర పోతుంది. ఇంట్లో పారేసే సామానుతో చేసిన వస్తువులు ఎందుకు పాడయ్యాయో ఒక్కొక్కటీ విప్పి చూస్తే, చాలామటుకు కారణం నీళ్ళే. ఎక్కడో ఎక్కువ తాగి ఉంటుంది, ఎక్కడో తొందరగా ఆరి ఉంటుంది.

అందుకని ఉదయమంతా గొట్టాలే. కత్తెర పట్టేముందు కాగితం వాటం చూడాలి. న్యూస్‌పేపరుని పైనుంచి కిందికి చింపితే గీత గీసినట్టు చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా ఎటో పోతుంది. పీచు నిలువుగా పడి ఉండటమే దానికి కారణం. ఆ నిలువు వాటానే ఒక పేజీ వెడల్పుని నాలుగు పట్టీలు చేస్తే ఒక్కోటి సుమారు 8 సెంటీమీటర్లు వస్తుంది. కత్తెర కూడా అక్కర్లేదు, మడత గట్టిగా రుద్ది స్కేలు ఆనించి లాగితే చాలు.

పట్టీని బల్ల మీద పరిచి, 2 లేక 2.5 మిల్లీమీటర్ల అల్లిక సూదిని ఒక మూల మీద ఏటవాలుగా పెట్టాలి. పట్టీ పొడుగుకీ సూదికీ మధ్య కోణం 20 నుంచి 30 డిగ్రీలు ఉంటే సరి. కోణం మరీ పెద్దదైతే గొట్టం పొట్టిగా, లావుగా వస్తుంది. మరీ చిన్నదైతే సూది మొత్తం కాగితంలో చిక్కుకుని బయటికి రాదు. మొదటి రెండు చుట్లు బిగుతుగా పడితే మిగతాది దానంతటదే బిగుస్తుంది. మొదట్లో వదులుగా పోనిచ్చి చివర్లో బిగిద్దామంటే కుదరదు. ఆఖరి మూలకి మాత్రం చుక్క ఫెవికాల్. పట్టీ పొడుగునా జిగురు రాసేవాళ్ళున్నారు, అదెందుకో అర్థం కాదు. గొట్టం కర్రలా బిగుసుకుపోయి అల్లేటప్పుడు మడత దగ్గర పగులుతుంది.

ఇలా చుట్టిన గొట్టానికి ఒక కొస సన్నం, ఒక కొస కాస్త వెడల్పు ఉంటాయి. అదే మనకి కావలసింది. సన్న కొసకి జిగురు అంటించి ఇంకో గొట్టం వెడల్పు కొసలోకి 2 - 3 సెంటీమీటర్లు దూర్చితే అతుకు కనబడకుండా పొడుగు పెరుగుతుంది. రెండు కొసలూ ఒకే లావుగా ఉంటే పట్టీని మూలనుంచి కాకుండా అంచునుంచి చుట్టారన్నమాట.

బుట్టకి లెక్క ఇది. అడుగుకి 15 సెంటీమీటర్ల గుండ్రటి అట్టలు రెండు. చుట్టుకొలత 47 సెంటీమీటర్లు. ఒక అట్ట మీద 15 గొట్టాలు సూర్యకిరణాల్లా పరిచి, కొసలు 4 సెంటీమీటర్లు లోపలికి ఉండేలా అతికించి, పైన రెండో అట్ట వేసి బరువు పెట్టాలి. ఈ గొట్టాలని పైకి వంచితే అవే నిలువులు, వాటి మధ్య 3 సెంటీమీటర్ల చిల్లర ఎడం వస్తుంది. ఈ 15 ఏమిటంటే బేసి సంఖ్య, అంతే. ఒకే గొట్టంతో ఒకదాని ముందునుంచి, ఇంకోదాని వెనకనుంచి అల్లుకుంటూ పోతున్నప్పుడు, నిలువులు బేసిలో ఉంటేనే రెండో చుట్టులో ముందూవెనకా మారుతుంది. సరి సంఖ్య పెడితే ప్రతి చుట్టూ మొదటి చుట్టులాగే పడుతుంది, అల్లిక పట్టు దొరకదు, గోడ జారిపోతుంది. సరి సంఖ్యే పెట్టేశామనుకోండి, విప్పక్కర్లేదు. రెండు గొట్టాలు తీసుకుని, ఒకటి ముందునుంచి ఒకటి వెనకనుంచి పోనిస్తూ, ప్రతి నిలువు దాటాక వాటిని మెలివేసుకుంటూ వెళ్ళాలి. దానికి బేసీ సరీ పట్టింపు లేదు, గోడ కూడా ఇంకాస్త గట్టిగా వస్తుంది. కాగితం మాత్రం దాదాపు రెట్టింపు పడుతుంది.

12 సెంటీమీటర్ల ఎత్తు బుట్టకి మామూలు అల్లికైతే నిలువులతో కలిపి 45 - 50 గొట్టాలు చేసిపెట్టుకోవాలి. ఒక్కో పేజీకి నాలుగు చొప్పున, మధ్యకి మడిచి ఉండే పెద్ద తావులు ఆరేడు సరిపోతాయి.

బుట్ట పైకి పోయేకొద్దీ మూతి ముడుచుకుపోవడం అందరికీ ఎదురయ్యేదే. చేయి తెలియకుండానే అల్లే గొట్టాన్ని లాగుతుంది, నిలువులు లోపలికి వంగుతాయి. లోపల అడుగుకి సరిపడే స్టీలు డబ్బా బోర్లించి, నిలువులని దాని చుట్టూ బట్టల క్లిప్పులతో పట్టి ఉంచితే గోడ నిటారుగా లేస్తుంది. అల్లే గొట్టాల మీద నీళ్ళు చిలకరించి పది నిమిషాలు గుడ్డలో చుట్టి ఉంచడం వేరే రోజుల్లో అవసరం. ఇవాళ అదీ అక్కర్లేదు, గాలే ఆ పని చేసిపెట్టింది. నిలువులు మాత్రం పొడిగానే ఉండాలి. అవి తడిస్తే బుట్ట కూలబడుతుంది.

మధ్యాహ్నం సొరుగులో పెట్టే అరల పెట్టె. ఇది అట్టపెట్టె పని. అట్టని అడ్డంగా కోసి చూస్తే రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం ఉంటుంది. ఆ అలల వెంట మడిస్తే సులువుగా మడుస్తుంది, వాటికి అడ్డంగా మడిస్తే ఎక్కడ పడితే అక్కడ నలుగుతుంది. అడ్డంగానే మడవాల్సి వస్తే రిఫిల్ అయిపోయిన పెన్నుతో స్కేలు పట్టి రెండుసార్లు గట్టిగా గీసి, ఆ గీత వెంట మడవాలి. బరువు మోసే గోడలకి అలలు నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే పై బరువుకి అట్ట చప్పబడిపోతుంది. పెద్ద పెట్టెనుంచి ముక్కలు కోసేటప్పుడు ఈ ఒక్కటీ గుర్తు లేకపోతే, నాలుగు గోడల్లో రెండు గట్టివీ రెండు మెత్తవీ వస్తాయి.

మామూలు మూడు పొరల అట్ట మందం 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మూత ఉన్న పెట్టె అయితే మూత లోపలి కొలత, పెట్టె బయటి కొలత కన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. పైన రంగు కాగితం అంటించే ఉద్దేశం ఉంటే 3. అరల కోసం ఒకదానిలో ఒకటి దూరే అడ్డుపలకలకి ఎత్తులో సగం వరకూ గాడి కోస్తాం కదా, ఆ గాడి వెడల్పు అట్ట మందమంత ఉండాలి. ఇక్కడ వరస ముఖ్యం. ముందు కాగితం అంటించి, ఆరాక, అప్పుడున్న మందం కొలిచి గాడి కొయ్యాలి. ముందే గాడి కోసి తర్వాత కాగితం అంటిస్తే పలకలు బిగుసుకుపోయి, నొక్కగానే అంచు నలిగిపోతుంది. కట్టరుతో ఒకే దెబ్బకి తెగాలని నొక్కి కోస్తే కూడా ఇంతే, అలలు చితికి అంచు పలచబడుతుంది. మూడు నాలుగు సార్లు తేలిగ్గా కొయ్యాలి, బ్లేడు కొస మొద్దుబారగానే విరిచి పారెయ్యాలి. మొద్దు బ్లేడే చేయి కోస్తుంది, జారుతుంది కాబట్టి.

అంటించిన అట్ట ఆరాక వంగిపోవడం గురించి. ఫెవికాల్‌లో నీళ్ళు ఉంటాయి. ఆ నీళ్ళు తాగి కాగితం సాగుతుంది, ముఖ్యంగా పీచుకి అడ్డంగా. సాగిన కాగితాన్ని అట్టకి అంటించాం. ఆరేటప్పుడు అది మళ్ళీ ముడుచుకుంటూ అట్టని తనవైపు లాగుతుంది. జిగురు మంచిది కాదని డబ్బా మార్చినా ఈ లాగుడు ఆగదు. రెండో వైపు కూడా అలాంటి కాగితమే, అదే వాటంలో అంటిస్తే రెండు లాగుళ్ళూ సమానమవుతాయి. తర్వాత రెండువైపులా ప్లాస్టిక్ కవరు వేసి పుస్తకాల బరువు కింద రాత్రంతా పెట్టాలి, ముసురులో అయితే ఇంకో రోజు. జిగురుని కూడా బ్రష్‌తో పలచగా, మధ్యనుంచి అంచులకి రాయాలి. బుడగలు వస్తున్నాయంటే జిగురు ఎక్కువైందనో, కాగితాన్ని రెండు వైపులనుంచీ ఒకేసారి వదిలారనో అర్థం.

కాగితం పొరలతో గిన్నెలు చెయ్యడానికి ఫెవికాల్ ఖర్చు చెయ్యనక్కర్లేదు, మైదా జిగురు చాలు. రెండు పెద్ద చెంచాల మైదాని పావు కప్పు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద మరుగుతున్న ఒక కప్పు నీళ్ళలో పోస్తూ కలియబెడితే రెండు మూడు నిమిషాల్లో తెల్లదనం తగ్గి జిగురెక్కుతుంది. పొయ్యి మీద పెట్టకుండా పచ్చి పిండే కలిపి వాడితే అంటుకోవడం అంటుకుంటుంది గానీ ఆరాక పెళుసుగా పొడి రాలుతుంది. బూజు పట్టకుండా చిటికెడు ఉప్పు వేస్తారు. చిటికెడే. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది, ఎక్కువైతే గిన్నె ఆరనే ఆరదు. మైలుతుత్తం వేసే అలవాటు కొందరికి ఉంది, అది విషం, పిల్లలు ముట్టుకునే వస్తువుకి వద్దే వద్దు.

పొరలు లెక్క తప్పకుండా ఉండాలంటే ఒక పొర న్యూస్‌పేపరు, ఒక పొర తెల్ల కాగితం. కింది రంగు కనబడుతోందంటే అక్కడ ఇంకా నిండలేదని తెలుస్తుంది. ముక్కల్ని కత్తెరతో కాకుండా చేత్తో చింపాలి, చిరిగిన అంచు పలచగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుంది. మొత్తం ఐదారు పొరలు చాలు, కానీ రెండేసి పొరలకి ఒకసారి పూర్తిగా ఆరనివ్వాలి. అన్నీ ఒకేసారి వేస్తే పైన ఎండి లోపల నీళ్ళు ఉండిపోతాయి, నాలుగు రోజులకి వాసన మొదలవుతుంది. బెలూను మీద చేసేవాటికి ఇంకో బెడద. ఎండలో పెడితే లోపలి గాలి వ్యాకోచించి తడి పొరలు పగులుతాయి. నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఈ పని ఇవాళ మొదలుపెట్టలేదు.

ముసురుతో సంబంధం లేని పని రేకు డబ్బాది. డబ్బాకి మేకుతో చిల్లులు కొట్టి లోపల దీపం పెట్టుకోవడం అందరికీ తెలిసిందే, ఖాళీ డబ్బా మీద సుత్తి వేస్తే సొట్ట పడటం కూడా తెలిసిందే. లోపల నీళ్ళు పోసి గడ్డకట్టించి కొట్టాలి. అంచుకి 2 సెంటీమీటర్లు వెలితి ఉంచాలి, నీరు మంచయ్యేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది కనక. అయినా అడుగు కాస్త ఉబ్బుతుంది, తర్వాత తట్టి సరిచేసుకోవచ్చు. నిన్న రాత్రి ఫ్రీజర్‌లో పెట్టిన డబ్బాని మడత పెట్టిన తువ్వాలు మీద పడుకోబెట్టి, చుక్కలు పెట్టిన కాగితం చుట్టూ టేపుతో అంటించి, రెండంగుళాల మేకుతో మొదలుపెడితే గట్టి రాయి మీద కొట్టినట్టు చిల్లు గుండ్రంగా, అంచు లోపలికి తిరిగి పడుతుంది. చిల్లుల మధ్య సెంటీమీటరు ఎడం ఉండాలి, దగ్గరైతే రెండూ కలిసి చిరుగుతుంది. మంచు కరిగి డబ్బాలో కదలడం మొదలైతే ఆపి మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టడమే. అయ్యాక వెంటనే గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. చిల్లు పడిన చోట పూత పోయి ఇనుము బయటపడుతుంది, మర్నాటికే తుప్పు చుక్కలు వస్తాయి. డబ్బా మూతి అంచుని పట్టకారుతో లోపలికి నొక్కెయ్యడం అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని.

ప్లాస్టిక్ సీసాలది సరిగ్గా తలకిందుల వ్యవహారం. అవి నీళ్ళు తాగవు కాబట్టి నీళ్ళ జిగురు వాటికి పట్టదు, రంగు పొట్టులా లేచిపోతుంది. 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దితే కొంత నయం. రంగులకన్నా వాటిని మొక్కలకి వాడటం మేలు. సీసాని మధ్యకి కోసి, మూతకి 5 మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, పాత బనియన్ గుడ్డ 20 సెంటీమీటర్ల పట్టీని దాంట్లోంచి దూర్చి, పైభాగాన్ని తలకిందులుగా కిందిభాగంలో కూర్చోబెట్టి, పైన మట్టీ మొక్కా, కింద నీళ్ళూ ఉంచితే మొక్క తనకి కావలసిన నీళ్ళు తనే తాగుతుంది. గుడ్డ నూలుదైతే నీళ్ళని బాగా పైకి లాగుతుంది. ముందే తడిపి పెట్టాలి, మొదటిసారి మట్టికి పైనుంచి కూడా నీళ్ళు పొయ్యాలి. లేకపోతే పొడి మట్టికీ తడి గుడ్డకీ లంకె కుదరదు. కింది భాగానికి కాగితం చుట్టకపోతే వెలుతురు తగిలి పాచి పడుతుంది.

సాయంత్రం బుట్ట గోడ పూర్తయింది. మిగిలిన నిలువు కొసలని ఒక్కొక్కటీ కుడివైపు దాని వెనకనుంచి తిప్పి, అల్లికలోకి దూర్చి, చుక్క జిగురు పెట్టడంతో మూతి ముగిసింది. పైన పూతకి మూడు పాళ్ళు ఫెవికాల్, ఒక పాలు నీళ్ళు. అది ఆరాక పారదర్శకంగా గట్టిపడుతుంది కానీ తడి తగిలితే మళ్ళీ తెల్లబడి జిడ్డుగా అంటుకుంటుంది, కాబట్టి తడిగుడ్డతో తుడిచే వస్తువులకి వార్నిష్ తప్పదు. ముసురులో ఆ పని పెట్టుకుంటే తేమ చిక్కి పైపొర మసకబారే ప్రమాదం ఉంది. బుట్ట ఆరిందో లేదో తెలుసుకోవడానికి చెంపకి ఆనించి చూడటమే తేలిక పద్ధతి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఇప్పటికైతే చల్లగానే ఉంది. వార్నిష్ ఎండ వచ్చాక.