సపోటా చెట్టుకు రెండో రకం ఆకు

మా పెరట్లో సపోటా చెట్టు పెట్టి పదకొండేళ్లయింది. కడియంలో కొన్న అంటు మొక్క, కాలీపత్తి రకం. పోయిన ఏడాది కరెంటు తీగలకు తగులుతోందని పై కొమ్మలు కొట్టించాం. వానలు తగ్గాక చూస్తే మొదట్లోంచి ఓ కొమ్మ నిటారుగా లేచింది, కానీ దాని ఆకులు సపోటావి కావు.

సపోటా ఆకు కోలగా ఉండి కొస సన్నబడుతుంది. ఈ ఆకు తొడిమ దగ్గర సన్నగా మొదలై చివరికి వెడల్పవుతుంది. సరిగ్గా కొసన, గోటితో గిల్లినట్టు చిన్న నొక్కు. తుంచితే రెండింటికీ పాలు కారుతున్నాయి. నన్ను తికమక పెట్టింది ఆ పాలే. సపోటాయే, ఏదో తెగులొచ్చి ఆకు మారిందనుకుని నెలరోజులు వేపనూనె కొట్టాను.

ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే పై ఆకుకు మనిల్కారా జపోటా అంది, కింది ఆకుకు మనిల్కారా హెక్సాండ్రా అంది. ఒకే ఇంటిపేరు! ఆ ఆదివారం అమ్మ వచ్చి, ఆకు చూడగానే చేతిలోకి తీసుకుంది.

"పాల చెట్టురా ఇది! వేసవిలో మా ఊరి పుంతలో ఏరుకుని తినేవాళ్లం. పసుప్పచ్చగా, వేప పండంత ఉండేవి. నాలుగు తింటే పెదాలు అంటుకుపోయేవి."

మట్టి తుడిచి చూశాను. నేలకు జానెడు ఎత్తులో మానుకు చుట్టూ కట్టు పడినట్టు ఓ గీత ఉంది. దానికి పైన ఒక రకం బెరడు, కింద ఇంకో రకం. కొత్త కొమ్మ గీతకు కిందే పుట్టింది.

సపోటా గింజ నాటితే కాపుకి చాలా ఏళ్లు పడుతుంది. అందుకే పాల మొక్క మీద సపోటా కొమ్మను అంటు కడతారు. ఆ రెండూ అతుక్కున్న చోటే ఆ గీత. పాల చాలా నిదానంగా పెరుగుతుంది. పెన్సిల్ లావు అయ్యేసరికే రెండేళ్లు దాటొచ్చు. అంటే మా చెట్టు వేళ్ల వయసు పదకొండు కాదు, పదమూడు దాకా ఉంటుంది. ఇన్నేళ్లూ మెక్సికో వైపు నుంచి వచ్చిన సపోటాకు మన మెట్టనేలల పాల చెట్టు నీళ్లు తోడి పోస్తోందన్నమాట. మేం పైన నరికేసరికి కింద నిద్రపోతున్న మొగ్గ మేలుకుంది.

ఉంచితే పైచెట్టు బలాన్ని లాగేస్తుంది. మనసొప్పకపోయినా మొండి ముక్క మిగలకుండా మానుకి ఆనించి కోసి, గాయానికి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాను. మీ అంటు మొక్కలకు కూడా గీత కింద చిగురొస్తే లేతగా ఉన్నప్పుడే బొటనవేలితో తీసేయండి.

అమ్మ ముఖం చిన్నబోయింది. నిన్న నర్సరీకి ఫోన్ చేసి అంటు కట్టని పాల మొక్క కావాలన్నాను.

"ఉత్త పాల మొక్క ఎవరూ అడగరండీ," అన్నాడతను.

రెండు తీసి పక్కన పెట్టమన్నాను.