లో-100 మూడో రెక్క: మళ్ళీ అక్కడే పోయింది

నా మోడల్ గ్లైడర్ రెక్క బలం చూడ్డానికి దాని మీద పదమూడో కిలో బియ్యం ప్యాకెట్ పెట్టి చెయ్యి తీశాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత లోపలెక్కడో పుల్ల విరిగినట్టు టప్‌మని చిన్న చప్పుడు. రెక్క కొస జానెడు కిందికి దిగిపోయింది. సోనామసూరి ప్యాకెట్లు ఒకదాని వెనక ఒకటి గరాజ్ నేల మీదికి జారాయి, రెండు పగిలాయి కూడా. గింజలు తర్వాత ఏరుకోవచ్చని ముందు స్కేలు అందుకున్నాను. విరిగింది రెక్క మొదలు (బాడీకి తగిలే చోటు) నుంచి 192 మి.మీ. దగ్గర. రెండు రెక్కలనూ కలిపే జాయినర్ కడ్డీ దూరే గొట్టం రెక్క లోపల ఆగేది 190 దగ్గర. మూడు రెక్కలు, మూడూ అక్కడే!

మోడల్ సంగతి కొంచెం. లో-100 అంటే ఆల్‌ఫ్రెడ్ ఫోగ్ట్ గీసిన జర్మన్ ఏరోబాటిక్ గ్లైడర్ (గాల్లో విన్యాసాలు చేసే ఇంజిన్ లేని విమానం), 1952లో మొదటిసారి ఎగిరింది. 'మరుగుజ్జు కొంగ' అని ముద్దుపేరు. అసలుదాని రెక్క 10 మీటర్లు. నాది నాలుగో వంతు స్కేలు కాబట్టి రెండున్నర మీటర్లు, రెక్క వైశాల్యం 68 చదరపు డెసిమీటర్లు. ఎగిరే బరువు 3.6 కిలోలు, అందులో రెక్కలు రెండూ కలిపి 1.3. అసలు విమానానికి రెక్క మొత్తం ఒకటే ముక్క. నేను కారులో పట్టాలని రెండు ముక్కలు చేశాను. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మొదటి రెక్క పోయిన ఏడాది వాసర్‌కుప్పె కొండ మీద గాల్లోనే విరిగింది. పడమటి గాలి బాగుంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అంత దూరం వెళ్ళాం కదా అని డైవ్ కాస్త పొడిగించి లాగాను. వేగం రాసుకునే లాగర్‌లో గంటకు 150 కి.మీ. చూపించింది. ఆ వేగంలో ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) పూర్తిగా లాగితే ఈ రెక్క దాదాపు 20 జీ (విమానం బరువుకు 20 రెట్లు) దాకా పుట్టించగలదని తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. యూరప్ నిబంధనల్లో మనిషి కూర్చునే ఏరోబాటిక్ గ్లైడర్‌కే +7, −5 జీ అడుగుతారు. మోడల్‌కు బరువు తక్కువ, వేగం మాత్రం తక్కువ కాదు. అందుకే 'స్కేలు కదా, స్కేలు బలం చాలు' అనేవాళ్ళ మాట నేనిప్పుడు వినను. అప్పుడు స్పార్ (రెక్క పొడవునా ఉండే వెన్నుపూస) ఉత్త పైన్ చెక్క, పైనా కిందా 10×4 మి.మీ. పట్టీలు. పైన్ లాగితే తట్టుకున్నంతలో సుమారు సగమే నొక్కితే తట్టుకుంటుంది. పై పట్టీ నలిగి ముడుచుకుపోయింది. అది అర్థమైన చావే.

రెండోది ఎగరనే లేదు. అయిదు నిమిషాల ఎపాక్సీతో అంటించాను, దాని గురించి ఇంకేం చెప్పను.

మూడోదాన్ని మాత్రం శ్రద్ధగా కట్టాను. పైనా కిందా పైన్ పట్టీల మీద 10×1 కార్బన్ పట్టీలు, మధ్యలో ఆ రెంటినీ కలిపే వెబ్ (నిలువు గోడ), నిలువు నారతో 3 మి.మీ. బాల్సా అనే తేలిక చెక్కది, అంతా ఊహు ఎండ్‌ఫెస్ట్ 300 ఎపాక్సీ జిగురుతో. ఆరడానికి రోజంతా పట్టినా నాకు ఆ జిగురంటేనే నమ్మకం. దీపం వేడి పెడితే ఇంకా గట్టిపడుతుంది. జాయినర్ 14 మి.మీ. గట్టి కార్బన్ కడ్డీ, గొట్టం బయటి కొలత 16, రెక్కలోకి 190 మి.మీ. పోతుంది.

పరీక్ష ఇలా చేశాను. రెక్కను తిరగేసి జాయినర్‌తో బల్లకు బిగించి, కిలో ప్యాకెట్లు మొదట్లో ఎక్కువ, కొసకు తక్కువగా పేర్చాను. మొత్తం బరువు మొదలు నుంచి 520 మి.మీ. దగ్గర పడేలా చూసుకున్నాను. రెక్కల బరువును రెక్కలే మోసుకుంటాయి కాబట్టి 15 జీ అంటే ఒక్కో రెక్క మీద 17 కిలోల పైచిలుకు రావాలి. ఆరు కిలోలకు కొస 38 మి.మీ. వంగింది, పదికి 63. లెక్క తప్పకుండా పోతోంది. పన్నెండుకు 76 రావాల్సింది 82 వచ్చింది. అక్కడ ఆపి, బరువు దించి చూడాల్సింది. ఆపలేదు. పదమూడుకు పోయింది. రెక్క సొంత బరువు 650 గ్రాములు కలుపుకుంటే 11.9 జీ.

రాత్రి కూర్చుని పై తొడుగు కోసి చూశాను. కార్బన్ రెండు వైపులా చెక్కుచెదరలేదు. పైన్ కూడా. పై పట్టీ నలుగుతుందనుకుంటే, కింది పట్టీ (ఎగిరేటప్పుడు కిందుండేది) వెబ్ నుంచి ఊడి గొట్టం కొస నుంచి బయటివైపుకు 60 మి.మీ. దాకా లేచిపోయింది. వెబ్ బాల్సా నార వెంట నిలువుగా చీలింది. గొట్టం చుట్టూ పెట్టిన మైక్రోబెలూన్ల (జిగురులో కలిపే బోలు గుళికల పొడి) ముద్ద మొత్తం గొట్టానికే అంటుకుని ఉంది, పైన్ మీద దాని ఆనవాలు కూడా లేదు.

నా అనుమానాలు ఇవి. ఇన్నాళ్ళూ నేను వంపు బలం గురించే ఆలోచించాను. కడ్డీ గొట్టంలో ఏం చేస్తుందో ఆలోచించలేదు. రెక్క పైకి లేస్తుంటే కడ్డీ లోపలి కొస దాన్ని కిందికి నొక్కి పట్టుకుంటుంది. విరిగినప్పుడు రెక్క మొదలు దగ్గర వంచే బలం సుమారు 70 న్యూటన్ మీటర్లు. దాన్ని కడ్డీ లోపలికి పోయే 0.19 మీటర్లతో భాగిస్తే 366 న్యూటన్లు, అంటే 37 కిలోల బరువు. మా పన్నెండేళ్ళ వాడు కాలి బొటనవేలు మోపి ఆ కింది పట్టీ మీద నిలబడ్డట్టు. రెక్క మొత్తం మీద ఉన్నదే పదమూడున్నర కిలోలైతే, ఒక్కచోట దానికి రెండున్నర రెట్లకు పైగా! గొట్టం ఆగేచోట వెబ్ మీద కోత బలం (పక్కపక్క భాగాలను ఒకదాన్ని పైకీ ఒకదాన్ని కిందికీ నెట్టేది) దిశ కూడా తిరగబడుతుంది. దానికి మూడు మిల్లీమీటర్ల బాల్సా చాలదు.

డైహెడ్రల్ (రెక్కలు కొసల వైపు పైకి లేచి ఉండే కోణం) ఇంకో పాపం చేసింది. ఒక్కో వైపు రెండు డిగ్రీలు. కడ్డీ తిన్ననిది కాబట్టి రెక్క లేస్తున్నకొద్దీ గొట్టం లోపల కిందికి దిగుతుంది, 190 మి.మీ.కి 6.6 దిగుతుంది. రెక్క మొదలు దగ్గర మధ్య గీత కన్నా 2 మి.మీ. పైన పెట్టినా, కొస దగ్గర కింది పట్టీకీ గొట్టానికీ మధ్య ఒక మిల్లీమీటరు కూడా మిగల్లేదు. ఆ సందులో మైక్రోబెలూన్లు కూరాను. గీకడానికి సులువని ఆ పని చేశాను. అది పూరకమే కానీ బలం మోసేది కాదు. పత్తి పొడి కలపాల్సింది. జిగురు తప్పు కాదిది, అందులో నేను కలిపినదాని తప్పు.

పైన్ మీద కొంచెం నూనె తేలి ఉందేమో అన్న అనుమానం కూడా ఉంది. ఈసారి అంటించే ముందు గరుకు కాగితంతో రుద్ది ఎసిటోన్‌తో తుడుస్తాను.

మంచి వార్తలూ ఉన్నాయి. ఏలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) వణుకు పోయింది, సందు టేపుతో మూసి, దాన్ని కదిపే లింకేజ్ కడ్డీ పొట్టి చేశాను, అంతే. ఆ పలకల్ని కదిపే కేఎస్‌టీ సర్వో మోటార్లు ఖరీదే గానీ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తున్నాయి.

నాలుగో రెక్కకు జాయినర్‌ను 300 మి.మీ. లోపలికి పంపాలి. అప్పుడు 15 జీలో కూడా కొస మీద ఒత్తిడి 463 నుంచి 293 న్యూటన్లకు దిగుతుంది. చిక్కేమిటంటే 300 మి.మీ.కి గొట్టం 10.5 మి.మీ. దిగుతుంది. రెక్క మొదలు దగ్గర పట్టీల మధ్య ఖాళీ 30, గొట్టం కొసన 25. గొట్టం 16. రెక్క మొదలు దగ్గర పై పట్టీని, గొట్టం కొసన కింది పట్టీని దాదాపు తాకిస్తూ గీస్తే మొత్తం 11.5 దిగే చోటు దొరుకుతుంది. అంటే మిగులు ఒక్క మిల్లీమీటరు! వంచిన ఉక్కు కడ్డీ వాడితే ఈ గొడవే ఉండదని క్లబ్బులో పెద్దాయన అన్నాడు. బరువు సంగతి ఎత్తితే నవ్వాడు. ఆయన మోడల్స్ విరగవు, నిజమే, కానీ ఇటుకల్లా ఎగురుతాయి.

వెబ్‌కు ఈసారి 1.5 మి.మీ. బర్చ్ ప్లైవుడ్, నార 45 డిగ్రీల్లో, గొట్టానికి రెండు పక్కలా. గొట్టం కొస దాటాక ఇంకో 80 మి.మీ. పోయి, చేప నోరులా కోసి ఆగుతుంది, ఒక్కసారిగా తెగినట్టు కాకుండా. రెండు పట్టీలనూ వెబ్‌నూ కలిపి కెవ్లార్ దారంతో చుట్టాలి, కొస దగ్గర ఒక దగ్గరి చుట్ల కట్టు. అదనంగా ఒక్కో రెక్కకు 40 గ్రాములు దాటదనుకుంటున్నా.

అసలు విమానంలా ఒకటే ముక్క రెక్క చేస్తే జాయినరే అక్కర్లేదు. ఆ మాట కూడా ఇంట్లో ఎత్తాను. రెండున్నర మీటర్లు కారులో మూలగా పడతాయి, ముందు సీటు వాల్చాలి అంతే. "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది మా ఆవిడ. కాబట్టి ప్రస్తుతానికి ప్లై ఆర్డర్ పెట్టాను, శుక్రవారానికి వస్తుంది. ముందు ఒక్క జాయినర్ భాగమే, 450 మి.మీ. ముక్క, కట్టి 20 కిలోల దాకా విరగ్గొట్టే ప్రయత్నం చేస్తాను. ఈసారి బియ్యంతో కాదు, ఇసుకతో.