ఏపీపీఎన్ చాప్టర్‌ని చాయిస్‌లో వదిలేయకండి

మా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్లు) నెట్‌వర్కింగ్ పరీక్ష రిజల్ట్ వచ్చింది, పాసయ్యాను! ఎలా చదివావని అడుగుతున్న వాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. ఇంటర్నల్ సర్టిఫికేషనే కదా అని తీసిపారేసేవాళ్లు ఒకసారి ఆ సిలబస్ తిరగేసి అప్పుడు మాట్లాడండి.

జెడ్‌ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టం) బేసిక్స్, టీసీపీఐపీ రోజూ డ్యూటీలో చూసేవే కాబట్టి వాటి జోలికి పోను. పోయినసారి నన్ను ముంచింది ఏపీపీఎన్ (ఐబీఎం పాత నెట్‌వర్క్ పద్ధతి ఎస్‌ఎన్‌ఏలో మెషీన్లు ఒకదాన్నొకటి వెతుక్కుని దారి వేసుకునే ఏర్పాటు) సినారియో ప్రశ్నలు. అప్పుడు మా బ్యాచ్‌లో తిరిగిన నోట్సులో నెట్‌వర్క్ నోడ్ (మిగతా మెషీన్లకు దారి చూపే మెషీన్) గురించి ఉన్నది ఒక్కటే లైన్: 'రూటర్ లాంటిది'. ఆ లైన్‌తో ఎవరు రాసినా అంతే.

నెట్‌వర్క్ నోడ్‌కి నిజానికి రెండు ఉద్యోగాలు. మొదటిది, అడిగిన ఎల్‌యూ (సెషన్ కొస, అంటే అప్లికేషనో టెర్మినలో) ఏ నోడ్‌లో ఉందో కనుక్కోవడం. ఎండ్ నోడ్ (దారి చూపే పని లేని, అంచున ఉండే మెషీన్) సీపీ-సీపీ సెషన్ల (నోడ్ల కంట్రోల్ పాయింట్లు మాట్లాడుకునే సెషన్లు) మీద తన ఎల్‌యూ పేర్లను తన నెట్‌వర్క్ నోడ్ సర్వర్ దగ్గర రిజిస్టర్ చేసుకుంటుంది. సెషన్ అడగగానే ఆ సర్వర్ ముందు తన డైరెక్టరీ చూస్తుంది. అందులో పాత ఎంట్రీ ఉన్నా గుడ్డిగా నమ్మదు, ఆ నోడ్‌కి లొకేట్ (వెతికే మెసేజ్) పంపి నిర్ధారించుకుంటుంది. ఏమీ దొరక్కపోతే సెంట్రల్ డైరెక్టరీ సర్వర్‌ని (సీడీఎస్) అడుగుతుంది. అదీ లేని నెట్‌వర్క్‌లో బ్రాడ్‌కాస్టే గతి. సీడీఎస్ ఉంటే ప్రతి నోడూ విడిగా వెతకక్కర్లేదు, ఆ వెతుకులాటంతా అదే చేసి జవాబు దాచిపెట్టుకుంటుంది.

రెండో ఉద్యోగం, దొరికిన చోటికి దారి లెక్కగట్టడం. ఇక్కడే నాకు లైటు వెలిగింది. టెస్ట్ సిస్టంలో వీటామ్ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఎస్‌ఎన్‌ఏ నడిపే సాఫ్ట్‌వేర్) డైరెక్టరీ డిస్‌ప్లే, టోపాలజీ (నెట్‌వర్క్ మ్యాప్) డిస్‌ప్లే పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే, డైరెక్టరీలో ఉన్న దూరపు ఎండ్ నోడ్ టోపాలజీలో లేనే లేదు. మరి అక్కడిదాకా దారి ఎలా వేస్తున్నట్టు? నెట్‌వర్క్ నోడ్లు టీడీయూలతో (టోపాలజీ అప్‌డేట్ మెసేజ్‌లు) పంచుకునే డేటాబేస్‌లో ఉండేది వాటి గురించి, వాటి మధ్య లింకుల గురించి మాత్రమే. అడిగిన ఎండ్ నోడ్ లింకుల వివరాలు లొకేట్‌తో, అవతలి ఎండ్ నోడ్‌వి దాని జవాబుతో పాటు వస్తాయి. సెషన్ అడిగిన వైపు సర్వర్ ఆ రెండు కొసలనూ తన మ్యాప్‌కి అతికించి, క్లాస్ ఆఫ్ సర్వీస్ (ట్రాఫిక్ రకం) బరువులు చూసి దారి ఎంచుతుంది. ఆ దారే ఆర్‌ఎస్‌సీవీగా (దారి వివరాల జాబితా) బైండ్‌లో (సెషన్ మొదలుపెట్టే మెసేజ్) వెళుతుంది. అందుకే అవే రెండు నోడ్ల మధ్య హ్యాష్ ఇంటర్‌కి (#INTER, ఇంటరాక్టివ్ పనుల క్లాస్) ఒక దారి, హ్యాష్ బ్యాచ్‌కి (#BATCH, బ్యాచ్ పనుల క్లాస్) ఇంకో దారి పడొచ్చు. ఇది తలకెక్కాక సినారియోలన్నీ నీళ్లు తాగినట్టు చేశా.

హెచ్‌పీఆర్ (ఏపీపీఎన్‌లో మెరుగుపరిచిన రూటింగ్), ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ (ఆ ట్రాఫిక్‌ని ఐపీ మీద పంపేది) పైపైన చాలు. ఎక్స్‌టెండర్ వాడే యూడీపీ పోర్టులు 12000 నుంచి 12004 గుర్తుంచుకోండి. నెట్‌వర్క్ నోడ్ తన టోపాలజీ సమాచారాన్ని 5 రోజులకోసారి మళ్లీ పంపుతుంది, 15 రోజులు కబురు లేని ఎంట్రీని మిగతావి తీసేస్తాయి. ఇదీ అడుగుతారు.

నైట్ షిఫ్టులు చేస్తూ ఇదంతా ఎందుకు, క్లౌడ్ నేర్చుకోవచ్చుగా అన్నవాళ్లు చాలామంది. 1974లో వచ్చిన ఎస్‌ఎన్‌ఏని ఇంకా పట్టుకు వేలాడుతున్నావని ఎగతాళి ఒకటి. ఆ ట్రాఫిక్ ఇవాళ్టికీ ఐపీ మీద ఎక్కి బ్యాంకుల్లో తిరుగుతూనే ఉంది, అర్ధరాత్రి సెషన్ పడిపోతే ఫోన్ వచ్చేది మాకే. అయినా టైం లేదనేవాళ్లు రోజుకి ఎంతసేపు రీల్స్ చూస్తున్నారో ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసుకోండి, నేను చెప్పక్కర్లేదు.

ఆఖరుగా ఒకటి. ప్రశ్నలో ఎల్‌ఈఎన్ నోడ్ (ఏపీపీఎన్ సదుపాయాలు లేని సాదా నోడ్) అని కనపడితే ఆగి మళ్లీ చదవండి. దానికి సీపీ-సీపీ సెషన్లు ఉండవు కాబట్టి ఏదీ రిజిస్టర్ చేయలేదు. పక్క నెట్‌వర్క్ నోడ్‌లో దాని ఎల్‌యూలు ముందే డిఫైన్ చేసి ఉండాలి. ఆప్షన్లలో 'ఆటోమేటిక్ రిజిస్ట్రేషన్' అని ఊరిస్తుంటారు, దాన్ని టిక్ పెట్టకండి.