కట్టెల మిషన్: ముందు దుంగను చూడండి, తర్వాత టన్నులు

కోసి, చీల్చి, కన్వేయర్ మీద ట్రాక్టర్‌లో పోసే పూర్తి ప్రాసెసర్‌కు నిటారు దుంగలు కావాలి. జామాయిల్, సుబాబుల్ అయితే సాఫీగా పోతాయి. మన వరంగల్ దిక్కు డిపోలకు వచ్చే సర్కారు తుమ్మ వంకరటింకర సరుకు. ఫీడ్ తొట్టిలో అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. తుమ్మే ఎక్కువైతే కోత మిషన్, చీల్చే మిషన్ విడివిడిగా కొనడమే నయం.

చీల్చే బలం ఇన్ని టన్నులని అమ్మేవాళ్లు చెప్పేదాన్ని లెక్కగట్టి చూడండి. దుంగను చీల్చేలా తోసే ఆయిల్ సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) 100 మి.మీ. అయితే, దానికి 175 బార్ ఒత్తిడి ఇస్తే వచ్చేది దాదాపు 14 టన్నులే. అదే సిలిండర్ 600 మి.మీ. ముందుకు పోవడానికి 4.7 లీటర్ల ఆయిల్ కావాలి. నిమిషానికి 40 లీటర్ల పంపైతే 7 సెకన్లు. కానీ ఆ ఒత్తిడిలో అంత ఆయిల్ తోయాలంటే 18 హెచ్‌పీ దాకా పడుతుంది. రెండు దశల పంపైతే చిన్న మోటార్ సరిపోతుంది: ఖాళీగా వేగంగా పోతుంది, ముడి తగిలితే నెమ్మదించి బలం పెంచుతుంది.

మే ఎండల్లో ఆయిల్ కాగి పలచబడితే బలం తగ్గుతుంది, సీళ్లు పోతాయి. ఆయిల్ కూలర్ లేని మిషన్ వద్దు. మట్టి అంటిన దుంగలు కోత రంపం చైన్‌ను గంటలోనే మొద్దుబారుస్తాయి, ముందే దులపాలి.